మూడు బారల నిశ్శబ్దం

"మైకు ఆపడం కుదరదమ్మా," అన్నాడు గంగరాజు పల్లీలు నములుతూ. "మైకు లేకపోతే దాన్ని ఎగ్జిబిషన్ అనరు, సంతాపసభ అంటారు."

గంగరాజు మా విశాఖపట్నంలో ఏటా వేసవికి వెలిసే ఎగ్జిబిషన్‌కు మేనేజరు. ఆయన కుర్చీ వెనకే నిలువెత్తు స్పీకరు ఉంది. దాని ముందు కూర్చుని పల్లీలు తినగలిగే మనిషికి చెవుల బాధ చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే. అయినా ఊదాను.

"ఒక్క గంట చాలండి. సాయంత్రం జనం రాకముందే. మైకూ, ఆ మెరుపు లైట్లూ ఆపితే మా పిల్లలు జెయింట్ వీల్ ఎక్కి వెళ్ళిపోతారు."

"పిల్లలంటే ఎంతంత?"

"పందొమ్మిది, ఇరవై ఏళ్ళవాళ్ళు. ఆటిజం ఉంది. గట్టి చప్పుడు తట్టుకోలేరు."

"తట్టుకోలేనోళ్ళని ఇంట్లో ఉంచుకోవాలి గానీ ఎగ్జిబిషన్‌కి తెస్తారేంటమ్మా?"

ఈ మాట వినీ వినీ నా చెవులు కాయలు కాచాయి. సినిమా హాలువాడు అన్నాడు. టిఫిన్ హోటలువాడు ఇడ్లీ ప్లేటు చేతిలోంచి లాక్కుంటూ అన్నాడు. మా మరిది కూడా అన్నాడు, కాకపోతే వాడు నా ఇంట్లో నా చేతి కాఫీ తాగాక అన్నాడు. ఈ ఊళ్ళో నాకు శత్రువులు కానివాళ్ళ పేర్లు చెప్పమంటే ఒక చేతి వేళ్ళు కూడా ఎక్కువే.

నా పేరు సత్యవేణి. ఆదివారాలు ఆటిజం ఉన్న పడుచు పిల్లలను షికారుకు తీసుకెళ్ళడం నా పని. ఎవరో పెట్టిన పని కాదు, నా కొడుకు భార్గవ కోసం నేనే నెత్తికెత్తుకున్నాను. మనకు మిక్సీ చప్పుడు మిక్సీ చప్పుడే. వాడికి ఆ బ్లేడు చెవిలో తిరుగుతుంది. అందుకని ఎక్కడికి వెళ్ళాలన్నా ముందురోజే నేను వెళ్ళి చూసొస్తాను. ఏ ట్యూబులైటు టపటపలాడుతుందో, ఏ ఫ్యాను కిర్రుమంటుందో, ఏ మూల నూనె వాసన తక్కువో చూసుకుంటాను. ఫొటోలు తీసి పిల్లలకు చూపిస్తాను. ఇది గేటు, ఇది మనం కూర్చునే చోటు, ఇది చాలనిపిస్తే వెళ్ళిపోయే దారి. ఇంత చేశాక, గంటసేపు పాటలు ఆపుతానన్న పెద్దమనిషి ఆ గంటలోనే పాట పెడతాడు. అప్పుడు భార్గవ నేలమీద పడి చెవులు మూసుకుని కేకలు వేస్తాడు. జనం ఫోన్లు తీసి వీడియోలు తీస్తారు.

వాడికి జెయింట్ వీల్ అంటే ప్రాణం. మా డాబా మీద నుంచి దూరంగా తిరుగుతూ కనిపిస్తుంది. వేసవి వస్తే చాలు, సాయంత్రాలు పిట్టగోడ దగ్గరే నిలబడి చూస్తాడు. "రేపు ఎక్కుదాం," అంటాడు. పోయిన వేసవిలో గేటు దాకా వెళ్ళి, ఆ చప్పుడుకు కుప్పకూలి, మోసుకొచ్చిన ఆటోలో కూడా అదే అన్నాడు, "రేపు ఎక్కుదాం." ఏడుస్తూ అన్నాడు. నాకు ఆ చక్రాన్ని పీకి సముద్రంలో పారేయాలనిపించింది.

మా జట్టు చిన్నది. భార్గవ, బస్సు రూట్లన్నీ కంఠతా వచ్చిన ఇమ్రాన్, ఎవరితోనూ మాట్లాడని జోసెఫ్, ఇంకా చందన. చందన పోర్టులో క్రేను నడిపే పోలినాయుడి కూతురు. ఆ పిల్ల అందరితో కలిసి వస్తుంది కానీ కలిసి నడవదు. మా వెనక, రెండు చేతులూ చాపి కొలిస్తే మూడు బారల దూరంలో నడుస్తుంది. మూడు బారలంటే మూడు బారలే. మేం ఆగితే ఆగుతుంది, కదిలితే కదులుతుంది. వెనక్కి తిరిగి చూస్తే అక్కడే కూర్చుండిపోతుంది, ఇక లేపడం మా తరం కాదు. అందుకే మా జట్టులో ఒక నియమం పెట్టుకున్నాం. చందన వైపు ఎవరూ తిరిగి చూడకూడదు. చందన దగ్గర కందులు పోసిన ప్లాస్టిక్ సీసా ఒకటి ఉంటుంది. దాన్ని గలగలలాడిస్తూ నడుస్తుంది. భార్గవ నాలుగడుగులకోసారి హాజరు వేస్తాడు, "ఇమ్రాన్ ఉన్నాడు. జోసెఫ్ ఉన్నాడు." ఒక్క క్షణం ఆగి, వెనక గలగల విని, "చందన ఉంది."

ఫణిభూషణ్ ఆ వేసవిలోనే మా ఇంటికి వచ్చాడు. ఓ ఇంజనీరింగ్ కాలేజీలో ధ్వని మీద పరిశోధన చేసే మనిషి. ఓడల ఇంజను గదుల్లో మోత తగ్గించడానికి ఒక యంత్రం చేయబోతే, అది ఓడలకు పనికిరాలేదట. మనుషులకు పనికొస్తుందేమోనని మా గురించి వాకబు చేసుకుని వచ్చాడు. నేను ముందు నమ్మలేదు. మా గుమ్మం తొక్కిన ఉద్ధారకులు చాలామంది ఉన్నారు, ఫొటో దిగి వెళ్ళిపోయేవాళ్ళే అందరూ.

"ఒక్కసారి మా గదికి రండి మేడం," అన్నాడు. "నచ్చకపోతే మళ్ళీ మీ గుమ్మం తొక్కను."

వెళ్ళాం. ఆయన మా పిల్లల కోసం చేయని ఏర్పాటు లేదు. గోడల నిండా మందపాటి స్పాంజి, మెత్తటి దీపాలు. పనిచేసే కుర్రాళ్ళంతా చెప్పులు విప్పి మేజోళ్ళతో తిరుగుతున్నారు, గుసగుసగా మాట్లాడుతున్నారు. మా జీవితంలో మొదటిసారి ఎవరో మా కోసం గొంతు తగ్గించారు. నాకు ఏడుపొచ్చింది, అది కనబడకుండా ఆ కుర్రాళ్ళలో ఒకణ్ణి ఊరికే కసిరాను.

యంత్రం ఒక పెట్టె. వంటగ్యాసు బండంత బరువు, మీద విప్పిన గొడుగులాంటి రేకు, పక్కన ఒక బొత్తాం. ఫణిభూషణ్ చిన్న రేడియో పెట్టి బొత్తాం తిప్పాడు. రేడియో పాడుతూనే ఉంది, కానీ పాట నాలుగిళ్ళ అవతల పాడుతున్నట్టయింది. భార్గవ మెల్లగా చెవుల మీది చేతులు తీశాడు. వాడి చేతులు అంతసేపు కిందికి ఉండడం నేను చాలాకాలంగా చూడలేదు.

"ఎంత దూరం పనిచేస్తుంది?" అని అడిగాను.

"ఎంతంటే అంత పెట్టొచ్చు. మీకెంత కావాలి?"

"మా చందన దాకా రావాలి. మూడు బారలు."

ఆయన పాపం టేపు తెచ్చి, చందన ఎంత దూరంలో నడుస్తుందో కొలిచి, నిశ్శబ్దపు గొడుగు సరిగ్గా అక్కడి దాకా వచ్చేలా అమర్చాడు. ఒక వేలెడు ఎక్కువ కాదు, తక్కువ కాదు. మిగతా అందరూ మా పిల్లను వదిలేస్తే ఈయన ఆమె కోసం కొలత తీశాడని మురిసిపోయాను.

తర్వాత ఆదివారం కాలేజీ పచ్చిక మీద నడిపి చూశాం. సెలవు రోజు, చీమ చిటుక్కుమన్నా వినిపించేంత ప్రశాంతం. పెట్టె బరువని పోలినాయుడు భుజానికి తగిలించుకుని ముందు నడిచాడు. మామూలుగా ఆయన కూతురి వెనకాలే వస్తాడు, ఆ రోజు ముందుకొచ్చాడు. దారిలో చెట్టు కింద పడుకున్న రెండు కుక్కలు మేం దగ్గరికి రాగానే లేచి తోక ముడుచుకుని పరుగెత్తాయి.

"కుక్కలు కూడా దారిస్తన్నాయమ్మా," అని నవ్వాడు పోలినాయుడు.

"కుక్కలకున్న మర్యాద ఈ ఊరి మనుషులకు లేదు," అన్నాను.

భార్గవ హాజరు వేశాడు. "ఇమ్రాన్ ఉన్నాడు. జోసెఫ్ ఉన్నాడు." ఆగాడు. "చందన లేదు."

"ఉందిరా, వెనకే ఉంది," అన్నాను. వెనక్కి చూడకుండానే అన్నాను.

"చందన లేదు," అన్నాడు మళ్ళీ. కొత్త ఆట మొదలుపెట్టాడని అందరం నవ్వుకున్నాం. పచ్చిక చివరికి వచ్చేసరికి చందన మామూలుగానే మా వెనక మూడు బారల్లో నిలబడి ఉంది. ఆగినప్పుడు ఓరకంట చూశాను. సీసాను గుండెకు హత్తుకుని ఉంది, ఆడించడం లేదు. అలసిపోయిందనుకున్నాను.

ఎగ్జిబిషన్‌కు ఈసారి గంగరాజును అడగకుండానే వెళ్ళాం. మైకు నువ్వు ఆపకపోతే మేమే ఆపుకుంటామని మనసులో అనుకున్నాను. సాయంత్రం ఎండ ఇంకా ఉంది, జనం అప్పుడే కిటకిటలాడుతున్నారు. గేటు దగ్గర పోలినాయుడు బొత్తాం తిప్పాడు. రంగులరాట్నం పాట, మృత్యుబావిలో మోటారుసైకిళ్ళ రొద, అప్పడాలవాడి కేకలు, జనరేటర్ల హోరు, అన్నీ కలిసి దుప్పటి కిందికి వెళ్ళిపోయాయి. భార్గవ నా చెయ్యి వదిలేసి నడిచాడు. ఆ నడక చూసి నాకు ఊరంతటి మీదా గెలిచినట్టనిపించింది.

జనం మమ్మల్ని చూసి మొహాలు చిట్లించారు. కొత్తేం కాదు. ఒకావిడ చంటిబిడ్డను చీర చెంగులో దాచుకుని మా నుంచి పారిపోయింది. అదీ కొత్తకాదు, మా పిల్లలది అంటురోగమనుకునే తల్లులను చాలామందిని చూశాను. ఓ బెలూన్లవాడు రెండు చెవులూ మూసుకుని మా వైపు నోరంతా తెరిచి ఏదో అరిచాడు. తిట్టే అయ్యుంటుంది. నోరు కదులుతోంది, చప్పుడు లేదు. వినపడని తిట్టు ఎంత హాయిగా ఉంటుందో నాకు ఆ పూటే తెలిసింది. వాడికి చెయ్యి ఊపాను.

జెయింట్ వీల్ దగ్గరికి వచ్చేసరికి గంగరాజు ఎదురొచ్చాడు. మమ్మల్ని ఆపడానికే వచ్చాడు. మాకు మూడు బారల దూరంలో అడుగు పెట్టాడో లేదో, చెంపదెబ్బ తిన్నవాడిలా తల పక్కకు తిప్పేసి, చెవి పట్టుకుని వంగిపోయాడు. నాటకాలాడుతున్నాడనుకున్నాను.

జనరేటరు పక్కనే కావడంతో భార్గవ చేతులు మళ్ళీ చెవుల వైపు లేచాయి. "ఇంకా," అన్నాడు. పోలినాయుడు బొత్తాం చివరిదాకా తిప్పాడు.

"ఇమ్రాన్ ఉన్నాడు," అన్నాడు భార్గవ. "జోసెఫ్ ఉన్నాడు. చందన లేదు. చందన లేదు."

"ఉంది నాన్నా. ఎక్కు. ఇవాళే ఎక్కుతున్నావు, రేపు కాదు."

వాడు తొట్టెలో కూర్చున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. చక్రం కదిలింది. మేం లేచాం, ఇంకొంచెం లేచాం, ఒక్కసారిగా నా తలలో ఏదో పగిలింది. లోకంలో ఉన్న చప్పుడంతా ఒకేచోట పోసినట్టు, పళ్ళు కదిలిపోయే మోత. భార్గవ కెవ్వుమన్నాడు. అంతలోనే దాటేశాం. పైన మామూలు ఎగ్జిబిషన్ మోతే ఉంది, ఇందాకటి దానితో పోలిస్తే అది గుసగుస.

భార్గవ కిందికి చూశాడు. పైనుంచి చూడకూడదని మేం నియమం పెట్టుకోలేదు. నేనూ చూశాను.

పోలినాయుడు చక్రం కింద పెట్టె మోస్తూ మమ్మల్ని చూసి నవ్వుతున్నాడు. ఆయనకు వెనక, మూడు బారల దూరంలో, చందన నేలమీద ముడుచుకుని ఉంది. తల మట్టికేసి కొట్టుకుంటోంది. సీసా పగిలి కందులు చుట్టూ చెల్లాచెదురయ్యాయి. ఆమెకు కొంచెం అవతల జనం వలయంగా నిలబడి ఫోన్లు పట్టుకున్నారు. లోపలికి ఎవరూ అడుగు పెట్టలేకపోతున్నారు. పారిపోవడానికి ఆ పిల్లకు అడ్డమేమీ లేదు. కానీ మేం ఆగాం గనుక తానూ ఆగింది. మూడు బారలంటే మూడు బారలే.

"నాయుడుగారూ," అని గొంతు చించుకుని అరిచాను. "నాయుడుగారూ, వెనక్కి చూడండి." ఆయన ఇంకా నవ్వుతూ చెయ్యి ఊపాడు. గొడుగు కింద ఉన్నవాడికి పైనుంచి వచ్చే కేక ఏం వినిపిస్తుంది. బెలూన్లవాడు నాకెలా కనిపించాడో నేను ఆయనకు అలా కనిపించాను.

చక్రం దిగుతున్నప్పుడు ఆ మోతలోంచి మళ్ళీ దాటాం. భార్గవ ఈసారి అరవలేదు. తొట్టె ఆగీ ఆగకముందే దూకి, పోలినాయుడి భుజాన ఉన్న పెట్టె దగ్గరికి వెళ్ళి, బొత్తాం వెనక్కి తిప్పేశాడు. ఎగ్జిబిషన్ మొత్తం వాడి మీద విరుచుకుపడింది. తూలాడు కానీ పడలేదు. రెండు చేతులతో చెవులు మూసుకుని, చందన దగ్గరికి నడిచాడు. దగ్గరికంటే మరీ దగ్గరికి కాదు. మూడు బారల దూరంలో ఆగి, వీపు తిప్పుకుని, జనానికి అడ్డంగా నిలబడ్డాడు.

చందన ఎడమ చెవి పోయింది. కుడి చెవి కొంత మిగిలిందని డాక్టరు చెప్పాడు. ఇంటికి వచ్చాక మంచం కిందికి దూరి, మళ్ళీ బయటికి రాలేదు.

"నా సెవులు క్రేన్లకాడ ఎప్పుడో పోనాయి," అన్నాడు పోలినాయుడు మా వరండాలో కూర్చుని. "నా కూతురు గుంట సెవులైనా బాగున్నాయి కదా అనుకునేవోణ్ణి. నా సేత్తోనే తిప్పినానమ్మా బొత్తాన్ని. అది ఎనకాల సస్తంటే నాను ముందు నవ్వతా నిలబడ్డాను."

ఆయన్ని అక్కడే కూర్చోబెట్టి, సమాధానం చెప్పవలసినవాడి దగ్గరికి వెళ్ళాను. ఫణిభూషణ్ గదిలో కుర్రాళ్ళు ఇంకా మేజోళ్ళతోనే తిరుగుతున్నారు.

"చప్పుడు చచ్చిపోదు మేడం," అన్నాడు తల వంచుకుని. "పక్కకు జరుగుతుంది. మన గుమ్మంలో నీళ్ళు చీపురుతో తోస్తే పక్కింటి గుమ్మంలోకి పోతాయి కదా. గొడుగు అంచున చేరుతుందని లెక్కల్లో ఉంది. కానీ ఈ గదిలో అంచు పడేది గోడ మీద. గోడకు స్పాంజి ఉంది. అది తాగేసింది."

"పచ్చిక మీదో?"

"అక్కడ చప్పుడే లేదు కదండీ. మీ పిల్లలు ఇబ్బంది పడతారని ఆ రోజు తోటమాలిని కూడా రావద్దన్నాను."

"ఎండాకాలంలో రెయిన్‌కోటు వేసుకుని తడవలేదని సంబరపడ్డారన్నమాట."

"మీ వాళ్ళ కోసమే అంత జాగ్రత్త తీసుకున్నాం."

అది నిజం. నాకు ఒళ్ళు మండింది అందుకే. దుర్మార్గుడైతే తిట్టి పోయేదాన్ని. ఈయన మేజోళ్ళు, ఈయన టేపు కొలత, మా వెనక్కి చూడని నియమం, అన్నీ మంచితనాలే. ఒకటి పక్కన ఒకటి పేర్చి ఆ పిల్ల నెత్తిన దింపాం. కసాయివాడు కూడా ఇంత పకడ్బందీగా చేయలేడు.

"పెట్టె తిరిగివ్వాలి మేడం," అన్నాడు. "బాగుచేస్తాం. అడిగేవాళ్ళు కూడా ఉన్నారు. ఒక బిల్డరు పన్నెండంతస్తుల మీద పెద్దది పెట్టమంటున్నాడు. రోడ్డు మోతంతా కాంపౌండు గోడ అవతల పడుతుంది."

"గోడ అవతల ఎవరుంటారో అడిగాడా?"

గోడ అవతల ఎప్పుడూ పోలినాయుడిలాంటివాళ్ళే ఉంటారు. పెట్టె ఇవ్వనని చెప్పి వచ్చేశాను. ఇంకొకటి చేసుకుంటాడని నాకు తెలుసు. చేసుకోనీ, మా భుజాల మీద మాత్రం కాదు.

పోలినాయుడు పెట్టె మూత విప్పి, లోపలి సరంజామా అంతా గోనెసంచిలో కట్టి, జెట్టీ చివర నుంచి సముద్రంలోకి వదిలాడు. ఖాళీ డొల్ల, దాని మీది రేకు గొడుగు నేను ఉంచుకున్నాను.

ఆ తర్వాత ఆదివారాలు భార్గవ డాబా ఎక్కలేదు. "రేపు ఎక్కుదాం," అనడం మానేశాడు. పొద్దున లేచి హాజరు మాత్రం వేసేవాడు. ఇమ్రాన్ ఉన్నాడు, జోసెఫ్ ఉన్నాడు, చందన లేదు. వంట చేస్తున్నా, బట్టలారేస్తున్నా అదే. వాడు గుర్తుచేయకపోతే మరిచిపోతానన్నట్టు. చివరికి ఒకరోజు వాడే వంటింట్లో సీసా ఒకటి వెతుక్కుని, కందులు పోసి, నడిచి వాళ్ళింటికి వెళ్ళాడు. గుమ్మం బయటే నిలబడి గలగలలాడించాడు. లోపల మంచం కింద నుంచి ఏమీ రాలేదు. మర్నాడు మళ్ళీ వెళ్ళాడు. అలా కొన్నాళ్ళు వెళ్ళాడు. ఒకనాడు చందన వచ్చి గుమ్మంలో నిలబడి, కుడి చెవి అటు తిప్పి విన్నదని పోలినాయుడు ఫోన్ చేసి చెప్పాడు.

ఎగ్జిబిషన్ ముగిసే వారంలో పెట్టెకు గుడ్డ చుట్టి, చంకన పెట్టుకుని, గంగరాజు దగ్గరికి వెళ్ళాను. ఆయన చెవిలో ఇంకా దూది ఉంది. నన్ను చూడగానే పల్లీల పొట్లం పక్కన పెట్టేశాడు.

"ఒక్క గంట," అన్నాను. "మైకు, స్పీకర్లు, మెరుపు లైట్లు, మృత్యుబావి. జనరేటరు అవతలికి జరిపించండి."

"కుదరదని సెప్పినాను కదమ్మా."

గుడ్డ తీసి పెట్టె ఆయన బల్ల మీద పెట్టాను. రేకు గొడుగు ఆయన వైపు తిప్పాను. బొత్తాం మీద వేలు ఉంచాను. వెనక స్పీకరు ఊదరగొడుతోంది. గంగరాజు చెయ్యి తనంతట తానే చెవి మీదికి వెళ్ళింది. ఆ చెయ్యి అలా లేవడం నేను ఇన్నేళ్ళుగా చూస్తున్నదే, మా పిల్లల దగ్గర.

"పదిమంది పొట్ట కొడతారేంటమ్మా," అన్నాడు.

"గంటసేపు. తర్వాత మీ సంత మీది."

మొదట స్పీకరు ఆగింది. తర్వాత రంగులరాట్నం పాట, తర్వాత మోటారుసైకిళ్ళు. అప్పడాలవాడు ఏమైందోనని తల బయటపెట్టాడు. అంత పెద్ద మైదానంలో మనుషులు మామూలు గొంతుతో మాట్లాడుకోవడం వినిపించింది.

మేం గేటులోంచి నడిచాం. భార్గవ గలగల వెంట మళ్ళీ బయటికి రావడం మొదలుపెట్టిన చందన ఈసారి ముందు నడిచింది, పాత కొలత ప్రకారం మూడు బారల ముందు. మేమంతా వెనక. అలా అయితే అందరికీ కనబడుతుంది, ఎవరూ తిరిగి చూడనక్కర్లేదు. చేతిలో కొత్త సీసా. భార్గవ వీల్ ఎక్కాడు. నేను ఎక్కలేదు, గంగరాజు బల్ల దగ్గర పెట్టెకు కాపలా ఉన్నాను. చక్రం లేచి, పైకెళ్ళి, అంత ఎత్తున ఆగింది. మైదానమంతటి మీదుగా కింద నుంచి గలగల వినిపించింది.

"ఇమ్రాన్ ఉన్నాడు," అన్నాడు భార్గవ పైనుంచి. వాడి గొంతు నా దాకా వచ్చింది. "జోసెఫ్ ఉన్నాడు." ఆగాడు. చేతులు రెండూ తొట్టె అంచు మీదే ఉన్నాయి. "చందన ఉంది."

గంగరాజు గడియారం చూసుకుని, లేచి, స్పీకరు స్విచ్చు వైపు వెళ్ళాడు. "గంటైపోయిందమ్మా," అన్నాడు.

చక్రం ఇంకా పైనే ఉంది. నేను ఖాళీ పెట్టె బొత్తాం మీద వేలు పెట్టాను. ఆయన మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు.